గీతలున్న వేలిముద్ర

"ఓటరు కార్డు?"

"లేదురా."

"బ్యాంకు పుస్తకం? ఫొటో అంటించి ఉంటుంది చూడూ, అది."

"అదీ అందులోనే."

"రేషను కార్డు, పింఛను కార్డు, ఆధారు... ఏదో ఒకటి పిన్నీ! నీ మొహం ఉన్న కాగితం ముక్క ఏదైనా!"

"అరవకురా ఉమా. అన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. ఆ సంచి గోదాట్లో ఉంది. నా సేతుల్తో నేనే ఇసిరేశాను."

మా పిన్ని సత్యవతమ్మ ఆ మాట ఏడవకుండా చెప్పింది. ఏడ్చినా బాగుండేది. నా అరుపుకి నాకే సిగ్గేసి నోరు మూసుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి ఏఎస్సైగా రిటైరైన మనిషిని. ఉద్యోగం పోయినా నోరు పోలేదు. ఉమామహేశ్వరం, ప్రైవేట్ డిటెక్టివ్ అని మెట్టకూరులో బోర్డు పెట్టుకుని, పెళ్ళిసంబంధాల వాకబులు చేసుకుంటూ బతుకుతున్నాను. సొంత ఇంటి కేసు చెయ్యాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అప్పటికి టైము ఉదయం ఎనిమిదీ యాభై. మధురపూడి ఎయిర్‌పోర్టులో విమానం సాయంత్రం నాలుగూ నలభైకి. హైదరాబాదులో మారితే రాత్రి పదింటికి ముంబై. దరియాలతిప్ప నుంచి మధురపూడికి కారులో రెండున్నర గంటలు. అంటే పిన్ని ఎవరో రుజువు చేసే కాగితం సంపాదించడానికి నా చేతిలో ఉన్నది నాలుగు గంటలు.

సంగతి మొదట్నుంచీ చెప్పాలి. పంతొమ్మిది రోజుల క్రితం పిన్ని ఒక్కగానొక్క కూతురు సాయిదివ్య ఏటిగట్టున నీళ్ళలో శవమై తేలింది. మొగుడు సుదీప్ ఏం చెప్పాడంటే, సాయంత్రం తల్లీ పిల్లా గట్టు మీద షికారుకెళ్ళారు, పిల్ల జారింది, దాన్ని పట్టుకోబోయి తల్లి జారింది, చేతిలో ఫోనుతో సహా మునిగిపోయింది. ఏడేళ్ళ చిన్ను శవం దొరకలేదు. ఏరు సముద్రంలోకి లాక్కుపోయిందన్నారు. అందరం నమ్మాం. పదకొండో రోజున దివ్య చీరలూ, దువ్వెనా, చేతిసంచీ మూటగట్టి పిన్ని చేత గోదాట్లో వదిలించారు. పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచరు కదా. ఆ చేతిసంచిలోనే పిన్ని కార్డులన్నీ ఉన్నాయి. పింఛనుకీ, ఆస్పత్రికీ తిప్పేది దివ్యే కాబట్టి తల్లి కాగితాలు తన దగ్గరే పెట్టుకునేది. ఆ సంగతి పిన్నికి నాలుగు రోజుల తర్వాత గుర్తొచ్చింది.

మొన్న పొద్దున్న ముంబై నుంచి ఇక్కడి స్టేషనుకి ఫోనొచ్చింది. కాకినాడ రైల్లో ఒంటరిగా దొరికిన పిల్లొకతి అక్కడి పిల్లల హోములో ఉంది. ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. హోములో తెలుగు వంటమనిషి పలక ఇస్తే మూడు మాటలు రాసింది: చిన్ను, యానాం, అమ్మమ్మ.

పిల్ల బతికుంది! పిన్ని ఆ రోజు వాకిట్లో కూలబడి నేలకి దణ్ణం పెట్టింది. ఎలాగో గట్టెక్కి, భయంతో రైలెక్కేసుంటుందన్నాడు సుదీప్.

కానీ హోము ఆఫీసరమ్మ వీడియో కాల్లో తండ్రిని చూపించగానే చిన్ను బల్ల కిందకి దూరి బయటికి రాలేదట. దాంతో పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళు తండ్రికి ఇవ్వం, అమ్మమ్మే స్వయంగా రావాలి, గుర్తింపు కార్డు చూపించాలి అన్నారు. కమిటీ కూర్చునేది రేపు ఉదయం పదకొండింటికి. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో వాళ్ళే చెప్పలేదు. రైల్లో వెళ్తే అందుకోలేం.

"ఆధారు ఆఫీసులో ఆ వేలిముద్ర మిషను దగ్గరికి ఇంకోసారి ఎల్దామా?" అంది పిన్ని.

"ఎందుకు? నిన్న ఎనిమిదిసార్లు పెట్టావు. ఎనిమిదిసార్లూ ఎర్రలైటే కదా."

పిన్ని తన చేతులకేసి చూసుకుంది. ఇరవై రెండేళ్ళు రొయ్యల షెడ్డులో తలలు తీసి, పొట్టు వలిచిన చేతులవి. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో నాని, పెంకులు గీరుకుని, వేళ్ళ కొసలు గోలీకాయల్లా నున్నగా అయిపోయాయి. మా వైపు షెడ్డు ఆడవాళ్ళలో సగం మందికి ఇదే గోల. రేషను డీలరు కూడా విసుక్కుంటాడు. పోనీ ఓటీపీతో ఆధారు కాగితం తీద్దామంటే, పిన్ని ఆధారుకి కలిపిన ఫోను నంబరు దివ్యది. దివ్య ఫోను ఏట్లో ఉంది.

నాకు దారి చూపించింది స్టెల్లా. నాతోపాటు పనిచేసిన లూయిస్ కూతురు, మధురపూడిలో విమానం కంపెనీ కౌంటరులో పనిచేస్తోంది. ముందురోజు రాత్రి ఫోన్లో చెప్పింది. "అంకుల్, కార్డులేవీ లేనివాళ్ళకి ఒక్కటే మార్గం ఉంది. గ్రూప్ ఎ గెజిటెడ్ ఆఫీసరు తన లెటర్‌హెడ్ మీద 'ఈవిడ ఫలానా' అని రాసి, ఫొటో అంటించి, ఆ ఫొటో మీద పడేట్టు సంతకం చేసి సీలెయ్యాలి. ఒరిజినలే తేవాలి. ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే గేటు దగ్గరే ఆపేస్తారు."

"పద పిన్నీ. ముందు నీకు ఫొటో తీయించాలి," అన్నాను.

* * *

తొమ్మిదీ నలభైకి ఏంజెల్ ఆన్‌లైన్ సెంటర్లో ఉన్నాం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి తెల్లగుడ్డ. నడిపే పిల్ల పేరే ఏంజెల్. అగ్రహారంలో అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడలు, సెంటరు తెరిచి నెల కాలేదు. పిన్నిని తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి ఫొటో తీసింది. ఎనిమిది కాపీలు ప్రింటుకిచ్చి పొడుగాటి రిజిస్టరు తెరిచింది.

"మామ్మగారి పేరు చెప్పండి."

"ఫొటోకి కూడా పేరు రాసుకుంటావా?" అన్నాను.

"ఆయ్, ఎవరొచ్చినా రాసుకుంటానండి. సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర వేయించుకుంటాను. మా నాన్నగారి షాపులో ఒకాయన పని చేయించుకుని నేను రానేలేదని గొడవ పెట్టాడండి. అప్పట్నించీ మాకిదే అలవాటు."

"సత్యవతమ్మ. దరియాలతిప్ప."

ఏంజెల్ పెన్ను ఆగిపోయింది.

"ఈ పేరు నిన్న రాశానే," అంది. పేజీ వెనక్కి తిప్పింది. "ఇదిగోండి. ఇరవై ఏడో నంబరు. సత్యవతమ్మ, దరియాలతిప్ప. ఆధారు డౌన్‌లోడు, కలర్ ప్రింటు, లామినేషను. టైము మూడూ నలభై."

నిన్న మూడూ నలభైకి పిన్ని నా పక్కనే, ఇంకో చోట, ఎర్రలైటు మిషను ముందు నిలబడి ఉంది.

"ఆవిడ ఈవిడేనా? సరిగ్గా చూసి చెప్పు."

"కాదండి. ఆవిడ మాస్కు పెట్టుకున్నారు. ఒళ్ళు కొంచెం ఎక్కువ."

"ఆధార్లో ఫొటో వచ్చింది కదా. తేడా కనబడలేదా?"

"ఆధారు ఫొటోలో ఎవరు ఎవరిలా ఉంటారండి? అందులోనూ పన్నెండేళ్ళ కిందటిది." పిల్ల మొహం పాలిపోయింది. "నేను తప్పు చేశానా అండి?"

"తప్పో ఒప్పో తర్వాత చూద్దాం. ఆ వేలిముద్ర చూపించు."

ఇరవై ఏడో నంబరు ఎదురుగా నీలిసిరా ముద్ర. భూతద్దం తీశాను. అవసరం లేకపోయింది. సుడి, దాని చుట్టూ గీతలు, ఒక్కటి కూడా చెదరకుండా పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి.

"పిన్నీ, నీ ఎడమ బొటనవేలు ఇలా ఇవ్వు."

సిరా ప్యాడ్ మీద అద్ది అదే పేజీలో కింద నొక్కించాను. నీలంగా ఓ మరక పడింది. అంతే. గీత లేదు, సుడి లేదు. ఇంకోసారి నొక్కించాను. మళ్ళీ మరకే. ఏంజెల్ ఒకసారి పైముద్రనీ, ఒకసారి కిందిమరకనీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓటీపీ ఎవరు చెప్పారు?" అన్నాను.

"పక్కనున్న ఆయనండి. కొడుకుట. ఫోన్లో చూసి చెప్పారు."

"ఏ ఫోను?"

"రోజారంగు కవరండి. మగాయన చేతిలో అలాంటిది ఉందేంటా అని చూశాను, అందుకే గుర్తుంది. వెనకాల సీతాకోకచిలుక స్టిక్కర్లు."

పిన్ని బల్ల అంచు పట్టుకుంది. "సిన్ను అంటించింది," అంది. "ఒకటి రెక్క సిరిగిపోతే ఏడిసింది."

"ఆగు పిన్నీ. ఏంజెల్, ఓటీపీ ఏ నంబరుకి వెళ్ళిందో తెర మీద పడుతుందిగా?"

"చివరి నాలుగంకెలు పడతాయండి. అవీ రాసుకుంటాను." వేలు పెట్టి చూపించింది. "డెబ్భై మూడు, పదహారు."

పిన్నికి అక్షరం ముక్క రాదు. కానీ ఏ ఆఫీసుకెళ్ళినా చెప్పాలని కూతురు ఒక్కటి నేర్పింది. పిన్ని కళ్ళు మూసుకుని, బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు పది అంకెలూ చెప్పింది. "...డెబ్భై మూడు, పదహారు. అది నా దివ్య నంబరురా. పక్కింటి పిల్ల చేత రోజూ ఆ నంబరుకి ఫోను సేయిస్తన్నాను. స్విచ్చాఫ్ అంటది. అయినా సేయిస్తన్నాను."

నాకు ఈ విషయం తెలియదు. తెలిసి ఉంటే తిట్టేవాణ్ణి. ఇప్పుడు తిట్టడానికి నోరు రాలేదు.

"వచ్చినావిడకి ఇంకేమైనా గుర్తుందా?"

"కుడికాలు ఈడుస్తూ నడిచారండి. సంతకం రాదన్నారు."

"మా వియ్యపురాలు భవానమ్మ," అంది పిన్ని నెమ్మదిగా. "సుదీప్ తల్లి. సంతకం రాకపోడమేంటి, ఎనిమిది దాకా సదివింది."

* * *

ఎస్సై సురేష్‌కి ఫోను చేస్తే పదీ ఐదుకి వచ్చాడు. ఒకప్పుడు నా కింద పనిచేసిన కుర్రాడే. పరీక్ష రాసి నన్ను దాటిపోయాడు. దివ్య కేసు ప్రమాదమని రాసి మూసేసింది ఇతనే. గుమ్మంలోనే మొదలెట్టాడు.

"గురువుగారూ, రిజిస్టరు మీద చెయ్యి తీయండి. రిటైరయ్యాక సాక్ష్యాలు ముట్టుకునే హక్కు మీకు లేదు."

"తీశాను. నువ్వు ముట్టుకో. నిన్న మూడూ నలభైకి ఓటీపీ వచ్చింది. పంతొమ్మిది రోజుల క్రితం నీళ్ళలో పడిందని నువ్వు రాసిన ఫోనుకి వచ్చింది."

"సిమ్ము బ్లాకు చేయించి కొత్తది తీసుకుని ఉండొచ్చు. మొగుడేగా."

"మరి కవరు? స్టిక్కర్లు కూడా కొత్తవి తీసుకున్నాడా?"

సురేష్ రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు.

"ఆ ఫోను కాల్ రికార్డు తెప్పించావా?"

"మునిగిపోయిన ఫోనుకి రికార్డు దేనికండి?"

"మునిగిందని ఎవరు చెప్పారు?"

"...భర్త."

"చచ్చిపోయింది భార్య. సాక్షి భర్త. ఫోను మాయం చేసిందీ భర్తే. నువ్వు మాత్రం ఆయన చెప్పినట్టు రాసేసి ఫైలు కట్టేశావు. నీకు డైరీ రాయడం నేర్పింది నేనేనని బయట ఎక్కడా చెప్పకు."

సురేష్ మొహం ఎర్రబడింది. "మాటలు జాగ్రత్తండి. మీ చుట్టం కాబట్టి మీకు హత్యలా కనబడుతోంది. నేను పైవాళ్ళకి ఏం చెప్పాలి? సీతాకోకచిలుక స్టిక్కరని చెప్పాలా?"

"పిల్ల తండ్రిని చూసి బల్ల కింద దూరిందని చెప్పు. ఆ పిల్ల ఆ సాయంత్రం గట్టు మీద ఏదో చూసిందని చెప్పు. అమ్మమ్మకి తప్ప ఇవ్వం అన్నారు కాబట్టి, అమ్మమ్మని తయారు చేసుకుంటున్నాడని చెప్పు! చిన్నుకి వాళ్ళ నానమ్మ తెలుసు. చూస్తే దగ్గరికెళ్తుంది. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ ఎవరికీ కనబడదు. ఈసారి నువ్వేం రాస్తావు సురేష్?"

అతను రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. పిన్ని లేచి అతని ముందు నిలబడింది. చేతులు జోడించలేదు.

"బాబూ, ఆ రోజు నా కూతురి మీద గుడ్డ కప్పింది నువ్వే. ఆ పున్నెం నీదే. నా మనవరాల్ని మాత్రం ఫైల్లో పెట్టకు నాయనా."

సురేష్ రిజిస్టరుతో వెళ్ళిపోయాడు. పిరికి వెధవ అని పైకే అన్నాను. ఏంజెల్ డబ్బులు తీసుకోకుండా ఎనిమిది ఫొటోలూ కవర్లో పెట్టి ఇచ్చింది.

సుదీప్‌కి ఫోను చేశాను, స్విచ్చాఫ్. ముంబై ఆఫీసరమ్మకి మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. పిల్లని ఎవరికీ ఇవ్వొద్దని, వచ్చిన తెలుగులో, రాని ఇంగ్లీషులో మెసేజి పెట్టాను. చదివినట్టు గుర్తు పడలేదు. నాకు హిందీ రాదు. అప్పుడే స్టెల్లాకి చెప్పి హోముకి ఫోను చేయించాల్సింది. కమిటీ రేపు కదా, ఈలోపు పిన్నికి కాగితం ముఖ్యం అనుకున్నాను. నేనూ ఒకవైపే చూశాను. సురేష్‌ని తిట్టిన నోటితో నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

* * *

గవర్నమెంటు కాలేజీ ప్రిన్సిపాలు ప్రకాశరావు గారు గ్రూప్ ఎ గెజిటెడ్ ఆఫీసరు. ముక్కుసూటి మనిషి. పదీ యాభైకి ఆయన గదిలో ఉన్నాం.

"మీరు చెప్పారని సంతకం పెట్టనండి ఉమామహేశ్వరం గారూ. ఈవిడ ఈవిడేనని నాకెలా తెలియాలి?"

నేను నోరు తెరిచేలోపు పిన్ని అందుకుంది.

"మా దివ్య మీ కాలేజీలోనే బీకాం సదివిందండి. సాయిదివ్య. ఫైనలియర్లో మీ సేతుల మీదే కప్పు ఇచ్చారు. ఆ ఫొటోలో పక్కన నేనున్నాను. రొయ్యల వాసనొస్తందని దూరంగా నిలబడితే, మీరే పిలిసి పక్కన నిలబెట్టారు."

ఆయన లేచి బీరువా తీసి పాత కాలేజీ పత్రిక ఒకటి వెతికారు. పావుగంట పట్టింది. నేను వాచీ చూసుకుంటూ చచ్చిపోయాను. దొరికింది. కప్పు పట్టుకుని నవ్వుతున్న దివ్య, పక్కన బిక్కుబిక్కుమంటూ పిన్ని. పిన్ని ఆ పేజీని వేలితో ముట్టుకోలేదు. బొటనవేలికి సిరా ఇంకా ఉందని చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

ప్రిన్సిపాలు గారు ఇంకేమీ అడగలేదు. లెటర్‌హెడ్ మీద స్వయంగా రాశారు. ఫొటో అంటించి, సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేట్టు సంతకం చేసి, గుండ్రటి సీలు వేశారు. కింద తన ఫోను నంబరు కూడా రాశారు. "అక్కడెవరైనా అనుమానపడితే నాకు ఫోను చెయ్యమనండి. అమ్మా, పిల్లని తీసుకురండి," అన్నారు.

పదకొండూ ముప్ఫై ఐదుకి కారెక్కాం. దారిలో పిన్ని ఒక్కటే మాట అడిగింది. "దాన్నేం సేసుంటాడురా, నా కూతుర్ని?" నేను డ్రైవరు వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు తెలియదని చెప్పడం తేలిక. తెలుసునని చెప్పడం కష్టం.

* * *

రెండూ ఇరవైకి మధురపూడి గేటు దగ్గర జవాను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫొటో చూశాడు, పిన్నిని చూశాడు, సీలు మీద వేలితో రుద్ది చూశాడు. పై అధికారిని పిలిచాడు. ఆయన ప్రిన్సిపాలు గారికి ఫోను చేసి రెండు నిమిషాలు మాట్లాడాడు.

"జాయియే మాజీ," అని లోపలికి చెయ్యి చూపించాడు.

నా గుండె మీంచి బండ దిగింది. అది రెండు నిమిషాలే. కౌంటరులో స్టెల్లా పిన్ని పేరు కొట్టి, తెర కేసి చూసి, కొట్టడం ఆపేసింది.

"అంకుల్, మామ్మగారికి రెండు టికెట్లు కొన్నారా?"

"ఒక్కటే. ఏం?"

"ఇదే పేరు, ఇదే వయసు, అరవై ఎనిమిది. పొద్దున్న తొమ్మిదీ యాభై విమానంలో వెళ్ళారు. ముంబైకే." గొంతు తగ్గించింది. "ఈ సంగతి మీకు చెప్పకూడదు అంకుల్, నా ఉద్యోగం పోతుంది. పక్క సీటు సుదీప్."

తొమ్మిదీ యాభై! మేము తెల్లగుడ్డ ముందు పిన్నికి ఫొటో తీయిస్తున్న సమయం. వాళ్ళు రేపటి దాకా ఆగుతారని నేనెందుకు అనుకున్నాను?

"ముంబై ఎప్పుడు చేరతారు?"

"రెండు దాటాక. ఈపాటికి దిగుంటారు."

"హోముకి ఫోను చెయ్యి. హిందీలో మాట్లాడు. తొందరగా అమ్మా!"

రెండూ నలభైకి చేసింది, ఎత్తలేదు. మూడింటికి చేసింది, ఎత్తలేదు. మూడూ ఇరవైకి నా ఫోను మోగింది. సురేష్.

"సార్," అన్నాడు.

రెండేళ్ళుగా అతని నోట వెటకారం గురువుగారే గానీ, సార్ అన్న మాట వినలేదు.

"సార్, కాల్ రికార్డు తెప్పించాను. ఫోను మునగలేదు. ప్రమాదం జరిగిన రాత్రంతా సుదీప్ ఇంటి టవరు కిందే ఉంది. తర్వాత ఆపేశారు. నిన్న మూడూ ముప్ఫై ఒకటికి ఆన్ అయింది. ఇవాళ రెండూ పదహారుకి మళ్ళీ ఆన్ అయింది. ముంబైలో. కాసేపటికి ఆధారు ఓటీపీ ఇంకోటి వచ్చింది. ఎవరో అక్కడ కార్డు సరిచూశారు సార్. నేను అక్కడి పోలీసులకి మెయిలు పెట్టాను, ఫోను చేస్తున్నాను. ఆలస్యం చేశాను. నాదే తప్పు."

"తప్పులు తర్వాత పంచుకుందాం. ఫోను చేస్తూనే ఉండు."

అప్పుడే స్టెల్లాకి ఆఫీసరమ్మ దొరికింది. స్టెల్లా హిందీలో గబగబా చెప్పుకుపోతోంది. మధ్యలో ఆగింది. వింటోంది. కళ్ళు నా వైపు తిరిగాయి. వాటిల్లో నీళ్ళు.

"ఏమంటోంది?"

"అమ్మమ్మ వచ్చేసిందిగా అంటున్నారు అంకుల్. కమిటీ మేడం ఇవాళ అక్కడే ఉన్నారట. దూరం నుంచి వచ్చిన ముసలావిడని రాత్రంతా ఎందుకు ఉంచాలని ఇవాళే ముగించేశారట. కార్డు చూశారట. పిల్ల కూడా ఆవిడని గుర్తుపట్టి చెయ్యి పట్టుకుందట. కారెక్కి పావుగంటైందట."

"ఆవిడ అమ్మమ్మ కాదని చెప్పు!"

"చెప్పాను. నమ్మట్లేదు. సంతకం రాక వేలిముద్ర కూడా వేసింది, చూసుకోండి అని ఫొటో పంపిస్తున్నారు."

స్టెల్లా ఫోను చిన్నగా మోగింది, నా చేతికిచ్చింది. అప్పగింత కాగితం. ఇంగ్లీషులో అయిదారు వరుసలు. కింద, 'పిల్లను స్వీకరించినవారు' అన్నచోట నీలిసిరా ముద్ర. పెద్దది చేసి చూశాను. సుడి. దాని చుట్టూ ఒక్కటి కూడా చెదరని గీతలు.

పిన్ని నా చేతిలోంచి ఫోను తీసుకుంది. చదవడం రాకపోయినా ఆ ముద్ర ఆమెకి తెలుసు. పొద్దున్నే చూసింది. తన ఎడమ బొటనవేలు తెర పక్కన పెట్టింది. సిరా ఆరిపోయి, నున్నటి వేలు నీలంగా ఉంది.

"గీతలున్న సేతుల్లోకి ఎల్లిపోయిందిరా నా పిల్ల," అంది.

స్టెల్లా వెక్కుతూనే మళ్ళీ ఫోను అందుకుంది. ఈసారి గీతల్లేని ఆ వేలునీ, ప్రిన్సిపాలు గారి కాగితాన్నీ ఫొటో తీసి ఆఫీసరమ్మకి పంపింది. అవతల ఎవరినో అరిచి పిలుస్తున్న గొంతు, కుర్చీ పడిన చప్పుడు వినిపించాయి. కారు నంబరు ఎవరైనా చూశారా అని ఆవిడ హిందీలో అడుగుతోందని స్టెల్లా చెప్పింది. ఎవరూ చూడలేదు.

"పిన్నీ, ఇప్పుడు నువ్వు వెళ్ళి..." అని ఆగిపోయాను. మేము దిగేసరికి రాత్రి పది. అప్పటికి ఏమవుతుందో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

"ఎల్లాలి," అంది. "అది దొరికినప్పుడు అమ్మమ్మేదని అడుగుద్ది. నేనక్కడ ఉండాలి. నడు."

తనిఖీ వరసలో పిన్ని నాకంటే ముందు నిలబడింది. చీరకొంగు సర్దుకుని, ప్రిన్సిపాలు గారిచ్చిన కాగితం రెండు చేతులతో పట్టుకుంది. అక్కడి ఆడజవాను కాగితం చూసి, తల ఎత్తి, వచ్చీరాని తెలుగులో అడిగింది.

"సత్యవతమ్మ మీరేనా?"

"ఆయ్, నేనేనండి," అంది పిన్ని. "నేనొక్కదాన్నే."